ఒదుగు

కిలో బియ్యం వండితే ఎంత అన్నం అవుతుందని మా వైపు ఏ ఇల్లాలినైనా అడగండి. జవాబు చెప్పదు. "ఎంతమందికి?" అని ఎదురు అడుగుతుంది. పెళ్ళివంటకు కుదిరిన మేస్త్రి కూడా సరుకుల చీటీ రాసే ముందు అడిగేది అదే, ఎన్ని విస్తళ్ళు లేస్తాయని. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. ఇందులో ఏ కొలత పట్టుకున్నా చివరికి తేలాల్సింది తినే నోళ్ళ లెక్కే.

ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం మండలంలో ఒక ప్రాథమిక పాఠశాల వంటగదిలో జరిగిన సంగతి ఇది. బడి పేరూ మనుషుల పేర్లూ ఇక్కడ అక్కర్లేదు. నేను ఆ బడి కమిటీలో ఉన్నాను. పిల్లలకు వడ్డించే ముందు పెద్దవాళ్ళు, వాళ్ళలో ఒకరు టీచరు, అన్నం రుచి చూడాలన్నది నియమం. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పసివాళ్ళు చనిపోయారు. ఆ వార్త చదివిన వాళ్ళెవరూ ఈ నియమాన్ని తేలిగ్గా తీసుకోలేరు. మా బడిలో చాలా మధ్యాహ్నాలు ఆ మొదటి ముద్ద నాదే.

2024 ఫిబ్రవరిలో పక్క ఊరి అబ్బాయి డాలస్ నుంచి సెలవు మీద వచ్చాడు. ఖమ్మం జిల్లాలో చాలా ఇళ్ళలాగే వాళ్ళింట్లోనూ ఒకరు అమెరికాలో ఉన్నారు. చిన్నప్పుడు ఈ బడిలోనే చదువుకున్నాడు. బడి మీద ప్రేమ ఉన్నవాడు. వస్తూనే బడికి రెండు పెద్ద ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్లు కొనిచ్చాడు, ఒక్కోటి 5 కిలోల బియ్యం పట్టేది. వాటికోసం ప్రత్యేకంగా వైరింగ్ వేయించాడు. ఒక ఎలక్ట్రానిక్ కాటా కూడా తెచ్చాడు. డబ్బు సగం తనది, సగం వాళ్ళ నాన్నది. ఆ పెద్దాయన 6 ఎకరాల్లో మిర్చి వేసే రైతు, ఊళ్ళో నలుగురూ మన్నించే మనిషి. దాతగా ఆయన పేరే కుక్కర్ల మీద ఎర్ర రంగుతో రాయించాడు కొడుకు.

అప్పటిదాకా అక్కడ గుండిగలో కట్టెల మీద వంట. వంటచేసే ఆమెకు యాభై దాటి ఉంటాయి. ఇంట్లో ఆమె, ముసలి అత్త, అంతే. నెలకు 3000 రూపాయల గౌరవ వేతనం. కేంద్రం 2009లో వంటమనుషులకు నిర్ణయించిన 1000 రూపాయలు అప్పటికీ అక్కడే ఉన్నాయి, దానిమీద పెంచింది రాష్ట్రం. ఈ దేశంలో బడిపిల్లలకు వేడి అన్నం పెట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న ఆదేశించింది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరిలో పొయ్యిలు వెలిగాయి. ఆదేశం ఎంత గొప్పదైనా రోజూ ఆ పొయ్యి ముందు కూర్చునేది ఇలాంటి ఆడమనిషే. ఆమె పని నేను ఏళ్ళ తరబడి చూశాను కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను.

ఆమె గంజి వార్చేది. వార్చిన గంజిలో ఇంత ఉప్పేసి చిన్న బిందెలో పోసి గోడవారన పెట్టేది. అది ఎవరికని ఎవరూ అడగలేదు.

కుక్కర్లు వచ్చాక గంజి ఆగిపోయింది. కుక్కరులో వండేదంతా అత్తెసరు అన్నమే కదా. నీళ్ళున్నంతసేపూ గిన్నె అడుగున వేడి 100 డిగ్రీలు దాటదు. నీళ్ళన్నీ బియ్యం తాగేశాక వేడి పైకి లేస్తుంది, అప్పుడు లోపలి అయస్కాంతం పట్టు వదిలి మీట మారి వండటం ఆగుతుంది. జపాన్‌లో 1955లో తోషిబా కంపెనీ మొదటి ఆటోమేటిక్ కుక్కరును అమ్మకానికి తెచ్చింది. అది తయారు చేసిన ఇంజనీరు యోషితాదా మినామి. ఏ బియ్యానికి ఎన్ని నీళ్ళు, ఎంతసేపు అని ఏళ్ళ తరబడి అన్నం వండి వండి లెక్క తేల్చింది ఆయన భార్య ఫుమికో. యంత్రం కథల్లో ఇలాంటి ఆడవాళ్ళ పేర్లు ఎప్పుడూ వెనకే ఉంటాయి. అందుకే ఆ పేరు ఇక్కడ రాస్తున్నాను.

ఆ అబ్బాయికి వంట లెక్కలంటే మహా ఇష్టం. డాలస్‌లో ఆలుమగలిద్దరూ ఆదివారం పొద్దున వారానికి సరిపడా వండి డబ్బాల్లో సర్దుకుంటారట. ఇన్‌స్టంట్ పాట్ కుక్కరు గిన్నె ఖాళీగా ఎంత బరువో ముందే తూచి రాసుకుంటారు. వంటయ్యాక గిన్నెతో సహా తూస్తారు. అందులోంచి ఖాళీ గిన్నె బరువు తీసేస్తే దిగిన కూర బరువు. దాన్ని ఎన్ని పూటలో అన్నిటితో భాగిస్తే, ఒక్కో డబ్బాలో ఎన్ని గ్రాములు పెట్టాలో తేలిపోతుంది.

"సరుకుల దగ్గర మొదలుపెడితే లెక్క తప్పుతుంది మాస్టారూ," అన్నాడు నాతో. "టమాటాలో ఎంత నీళ్ళుంటయో రోజుకో తీరు. పాత బియ్యం ఒక రకంగా ఒదుగుతయి, కొత్త బియ్యం ఇంకో రకంగా. చివర ఎంత దిగాలో ముందు రాసుకోవాలె. అక్కణ్ణుంచి వెనక్కి రావాలె."

మాట సరైనదే. వందలమందికి వండే ఏ వంటశాల అయినా ఆ లెక్క మీదే నడుస్తుంది. ప్రభుత్వ నియమం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో ఒక్కో పిల్లకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఇవన్నీ పచ్చి సరుకు బరువులు. పిల్ల కంచంలోకి ఎంత అన్నం రావాలో ఆ కాగితం మీద ఉండదు. ఆమె దాన్ని చేత్తో తేల్చేది. ఈ అబ్బాయి కాటాతో తేల్చాడు.

మొదటి వారమంతా అక్కడే కూర్చున్నాడు. రెండు కుక్కర్ల గిన్నెల ఖాళీ బరువు వాటి అంచు మీదే పెయింటుతో రాశాడు. బడిలో సగటు హాజరు 74. అంటే 7.4 కిలోల సన్నబియ్యం. మన బడులకూ హాస్టళ్ళకూ 2015 జనవరి నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు. ఆ బియ్యానికి కిలోకు 1.8 లీటర్ల నీళ్ళు పోస్తే, ఆవిరి పోగా 2.6 కిలోల అన్నం దిగింది. మొత్తం 19.2 కిలోలు. తలకు 260 గ్రాములు. కిలోన్నర కందిపప్పుతో టమాటా పప్పు ఏడున్నర కిలోలు దిగాలి, తలకు 100 గ్రాములు. ఏ పూటైనా అంతకంటే పలచనైతే నీళ్ళెక్కువ పడినట్టు, చిక్కనైతే చివరి వరుస పిల్లలకు చాలనట్టు. ఇలా పులిహోరకు, సాంబారుకు, గుడ్డు పులుసుకు విడివిడిగా కార్డులు రాశాడు. పైన దిగాల్సిన బరువు, కింద సరుకులు. అంత చక్కటి కార్డులు నేను ఏ వంటగదిలోనూ చూడలేదు.

వంటామె వాటిని చూసి, "చదువొచ్చినోళ్ళకు మంచిగుంటది బాబూ," అంది. తనకు చదువు రాదు. కానీ రెండో రోజుకే కాటా మీద అంకెలు గుర్తుపట్టి, "ఇయ్యాల పందొమ్మిదికి నాలుగు గీతలు తక్కువుంది, బియ్యం కొత్తయి," అని ఆమే చెప్పింది.

చిక్కు అక్కడే వచ్చింది. అబ్బాయి అంతటితో ఆగలేదు. వరుసలో నిలబడ్డ ప్రతి కంచాన్నీ తూచాడు. ఒకటో తరగతి పిల్లలు 170 గ్రాములకు మించి తినలేరు. అయిదో తరగతి మగపిల్లలు రెండోసారి వచ్చి 320 దాకా తింటారు. అందరివీ కలిపి చూస్తే ఏ రోజూ 16.6 కిలోలు దాటలేదు. దిగింది 19.2. తిన్నది 16.6. రోజుకు 2.6 కిలోల అన్నం మిగలాలి. కానీ రెండు గంటలకు చూస్తే గిన్నెలు కడిగి బోర్లించి ఉంటున్నాయి.

"అత్తా, రెండున్నర కిలోల అన్నం ఎటు పోతుంది?" అని అడిగాడు ఒకరోజు.

"ఎటు పోతది బాబూ, పిల్లలే తిన్నరు," అంది ఆమె.

"నేను తూచిన గదా."

"పిల్లలే తిన్నరయ్యా," అని మళ్ళీ అదే మాట అని గిన్నె తోముకుంది.

ఊళ్ళో ఇలాంటి ప్రశ్న పుడితే జవాబులు వాటంతట అవే పుడతాయి. ఆమె ఇంట్లో కోళ్ళున్నాయని ఒకరు, సాయంత్రం వాళ్ళింట్లో పొయ్యి వెలగదని ఇంకొకరు. అబ్బాయి మర్యాదస్తుడు. ఆమెను మాట అనలేదు. తన లెక్కలోనే పరిష్కారం వెతికాడు. బియ్యం కిలో తగ్గించి 6.4 వండితే 16.6 కిలోల అన్నం దిగుతుంది. పిల్లలు తినేది సరిగ్గా అంతే. ఇక మిగలడానికే ఏమీ ఉండదు, పోవడానికి అసలే ఉండదు.

హెడ్మాస్టరు మొదట ఒప్పుకోలేదు. "వంద గ్రాములన్నది పిల్లవాడి హక్కు. తినకపోతే వేరు, వండకపోవడం వేరు," అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. కానీ అబ్బాయి పట్టువదల్లేదు. మిగిలిన బియ్యం స్టాకు రిజిస్టరులోనే చూపిద్దాం, పిల్లలు ఇష్టంగా తినే గుడ్డు రోజుల్లో ఎక్కువ వండుదాం అన్నాడు. గుడ్లు వారానికి మూడుసార్లు. సరే, రెండు వారాలు చూద్దామన్నారు హెడ్మాస్టరు. రెండు వారాలంటే 12 పనిదినాలు.

మొదటి రోజే ఫలితం కనిపించింది. 16.6 దిగింది, 16.6 ఖర్చయింది. ఒక్క పిల్లా చాలలేదని ఏడవలేదు. రెండో రోజూ అంతే. అబ్బాయి ముఖం వెలిగిపోయింది. పెద్ద కార్డు ఒకటి రాసి లామినేషన్ చేయించి వంటగది తలుపు పక్కన కొట్టించాడు. మొత్తం దిగుబడి 16.6 కిలోలు, తినేవారు 74, మిగులు సున్నా, వృథా సున్నా. బడి చూడటానికి వచ్చిన అధికారి ఒకాయన దాన్ని ఫోటో తీసుకున్నారు.

ఆ రోజుల్లోనే ఇంకో మాట ఊళ్ళో తిరిగింది. రెండు గంటలకు వంటామె ఇంటికి పోయేటప్పుడు కొంగుచాటున ఒక సత్తు గిన్నె ఉంటోందని. నేనూ చూశాను. అబ్బాయికీ చెప్పారు. తగ్గించాక కూడా ఏం పట్టుకుపోతుంది అని అతనికి అర్థం కాలేదు. లెక్కలో గ్రాము కూడా తేడా లేదు.

12వ రోజు మధ్యాహ్నం ఆమె గేటు దగ్గరికి వచ్చేసరికి అబ్బాయి ఎదురుగా నిలబడ్డాడు. నేనూ పక్కనే ఉన్నాను. "అత్తా, ఏమనుకోకు, ఆ గిన్నె ఒకసారి చూపిస్తవా?" అన్నాడు. ఆమె ముఖంలో కోపం లేదు, భయం లేదు. కొంగు తీసి గిన్నె అతని చేతిలో పెట్టింది.

ఖాళీ గిన్నె. అడుగున నాలుగు మెతుకులు అంటుకుని ఉన్నాయి.

అబ్బాయి వాటిని వేలితో తీసి చూశాడు. ఈ బడికి సన్నబియ్యం తప్ప రాదు. ఆ మెతుకులు దొడ్డు బియ్యానివి. రేషన్ బియ్యం. రేషన్ షాపుల్లో సన్నబియ్యం 2025 ఏప్రిల్‌లో గానీ మొదలుకాలేదు, అప్పటికింకా ఇచ్చేది దొడ్డు బియ్యమే.

"ఇది బడి అన్నం కాదు," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

"కాదు బాబూ. మా ఇంటిది. పొద్దున నిండుగ తెస్తున్న, మాపు ఖాళీది తీసుకపోతున్న."

రేషన్ తలకు 6 కిలోలు. ఇంట్లో ఇద్దరు. నెలకు 12 కిలోలు. రోజుకు కిలో చొప్పున 12 రోజులు. ఆ లెక్క అతనికి చెప్పాల్సిన పని లేదు, నిలబడ్డచోటే వేసుకున్నాడు.

"ఎవరికి అత్తా?"

"పిల్లలకని చెప్పిన గదా. మొదటి నుంచీ అదే చెప్తున్న. రేపు రెండో గంట కొట్టినంక వంటింటి వెనకకు రా. రేపు నా తాన బియ్యం కూడ లేవు."

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. బడిపిల్లలు తిని లోపలికి పోయాక, గోడ వెనక వేపచెట్టు కింద పదిమంది కూర్చుని ఉన్నారు. పెద్దపిల్లకు పదకొండేళ్ళుంటాయి, చంకలో ఏడాది పాప. నడిచే పిల్లల్లో అందరికంటే చిన్నవాడి చేతిలో ఒక పాత నూనె డబ్బా. ఆ డబ్బా గంజి కోసమని తర్వాత తెలిసింది. మా మాట వాళ్ళకు సగమే తెలుసు, వాళ్ళది కోయ మాట. పక్క రాష్ట్రంలోని సుక్మా అడవుల నుంచి భద్రాచలం మీదుగా మిర్చి కోతలకు వచ్చిన ముఠా పిల్లలు.

మా మండలానికి ఈ ముఠాలు ఎందుకు వస్తాయో తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. తిరుమలాయపాలెం మెట్ట ప్రాంతం. బోర్లు ఎండి, పత్తి వాడి, ఏళ్ళకేళ్ళు కరువు చూసిన నేల. 2017 జనవరి 31న భక్త రామదాసు ఎత్తిపోతల పథకం మొదలై పాలేరు నీళ్ళు వచ్చాక పంటలు మారాయి. ఖమ్మం మార్కెట్‌లో తేజ మిర్చికి గిరాకీ ఉంటుంది. కానీ కాయ ఎర్రబడ్డాక కోత ఆగదు, ఒక్కో చెట్టును మళ్ళీ మళ్ళీ కోయాలి. ఊళ్ళో మనుషులు చాలరు. అందుకని సంక్రాంతి నుంచి ఎండలు ముదిరేదాకా అడవి పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు వచ్చి చేల గట్ల మీద పాలిథిన్ గుడారాలు వేసుకుంటాయి. పెద్దవాళ్ళు తోటలోకి పోతే పిల్లలు గుడారాల దగ్గర ఉంటారు. పొద్దున వండింది మధ్యాహ్నానికి ఉండదు.

"ఏ తోటలో కోస్తున్నరు వీళ్ళ అమ్మానాయనలు?" అని అడిగాడు అబ్బాయి.

ఆమె జవాబు చెప్పలేదు. "నన్నెందుకు అడుగుతవ్ బాబూ," అంది.

అప్పుడే ముఠా మేస్త్రి వచ్చాడు. పాపకు జ్వరంగా ఉందని తల్లి పంపిందట. తెలుగు బాగానే మాట్లాడతాడు. మమ్మల్ని చూసి కంగారుపడ్డాడు. పిల్లలు బడిలోకి రాలేదని, గోడ బయటే కూర్చున్నారని గబగబా చెప్పుకొచ్చాడు. అబ్బాయి అతన్ని కూర్చోబెట్టి, ఇక్కడ అన్నం దొరుకుతుందని మీకెవరు చెప్పారని మెల్లగా అడిగాడు.

"పటేలే చెప్పిండు సారూ," అని కుక్కరు మీద ఎర్ర అక్షరాల్లో ఉన్న మనిషి పేరు చెప్పాడు. "కూలి మాట్లాడుకున్న నాడే చెప్పిండు. మిగతా తోటలల్ల ఇచ్చినంత ఇయ్యనన్నడు. పోరగాండ్లకు మద్యాన్నం బువ్వ బడిల పెట్టిస్త గదా, తలకు ఇరవై తక్కువ కడత అన్నడు. సరే అన్నం. పెట్టిస్తనన్నడని వస్తున్నరు."

అబ్బాయి వంటామె వైపు చూశాడు.

"నన్నడిగింది మీ నాయనే బాబూ," అంది ఆమె. "ఏదో నాలుగు మెతుకులు పడెయ్యవే అన్నడు. ఆకలిగొన్న పిల్లలకు పెట్టనీకి ఒకరు చెప్పాల్నా. అందరి కంచాలల్ల పోను ఆ పదిమందికి సరిపోయేది. నువ్వొచ్చి తగ్గించినవ్. మీ నాయన పేరు చెప్తే నీకు చిన్నతనమైతదని ఊకున్న."

ఆ సాయంత్రమే హెడ్మాస్టరు గదిలో కూర్చున్నాం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఏ నెలలో వచ్చినా పిల్లను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. టీసీ లేదని, వయసు కాగితం లేదని వెనక్కి పంపకూడదు. రెండు నెలల్లో వెళ్ళిపోయి బడి మానేసినవాళ్ళ లెక్కలోకి వస్తారని ఆయన ఇన్నాళ్ళూ వెనకాడారు. ఆ రోజు వెనకాడలేదు. ఆరుగురి పేర్లు బడి రిజిస్టరులోకి ఎక్కాయి. ఆరేళ్ళలోపు నలుగురివీ అంగన్‌వాడీలో రాయించారు. అబ్బాయి తలుపు పక్కన కార్డు పీకేసి కొత్తది రాశాడు. తినేవారు 80, బియ్యం 8 కిలోలు, దిగాల్సిన అన్నం 20.8 కిలోలు. వంటామె ఇంటికి 12 కిలోల బియ్యం బస్తా తనే మోసుకుపోయి దింపి వచ్చాడు.

ఆ రాత్రి తండ్రీకొడుకుల మధ్య మాటలు పెరిగాయని, చివరికి పెద్దాయన ఒప్పుకున్నాడని, కోతలయ్యాక లెక్కకట్టేటప్పుడు తలకు 20 కలిపి ఇస్తానన్నాడని అబ్బాయే నాకు చెప్పాడు. ఆ మాట నమ్ముకుని విమానం ఎక్కాడు.

మార్చి ఆఖరున కోతలు ముగిశాయి. ముఠా ట్రాక్టరు ఎక్కే ముందు మేస్త్రి మా ఇంటికి వచ్చి లెక్క చీటీ చూపించాడు. తలకు 20 తగ్గే ఉంది. అడిగితే పెద్దాయన అన్న మాట కూడా అతనే చెప్పాడు: "ముందు దొంగచాటు బువ్వ, ఇప్పుడు రిజిస్టర్లనే పేర్లెక్కినయి గదా. ఇంకేం కావాల్రా మీకు?"

కోసినవాళ్ళు 14 మంది. కోసిన రోజులు 40. తలకు 20 చొప్పున 11,200 రూపాయలు. బియ్యం సర్కారు ఇచ్చింది, 12 రోజులు ఆమె తన రేషన్ పెట్టింది. ఆ 11,200 మాత్రం ఆ పెద్దాయన సుక్మా కూలీలకు బాకీ ఉన్నాడు. ఇప్పటికీ తీర్చలేదు.